విద్యుత్ క్షేత్రంలో డి.ఎన్.ఏ. ఎటు తిరుగుతుంది?

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టునూ, పెనుకొండ చుట్టుపట్ల మల్బరీ తోటలనూ, ధర్మవరం మగ్గాలనూ కలిపేది పట్టుదారం అని మన వైపు ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ దారం వెనక ఇంకొక దారం ఉంది. అది కంటికి కనబడదు. పట్టుపురుగు ప్రతి జీవకణంలోనూ ఉండే డి.ఎన్.ఏ. దారం అది. పురుగు ఏ జాతిదో, ఎట్లాంటి గూడు అల్లుతుందో, ఏ రోగానికి ఎంతవరకు తట్టుకుంటుందో చాలామటుకు అందులోనే రాసి ఉంటుంది.

సేద్యగాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు. నాలుగో జ్వరం లేచి, ఆకు బాగా మేస్తూ, ఇంకో వారంలో చంద్రికలకు ఎక్కించాల్సిన పురుగుకు పాలరోగం తగిలిందంటే అప్పటిదాకా పెట్టిన ఆకు, కూలి, నిద్రలేని రాత్రులు అన్నీ నేలపాలే. పుస్తకాల్లో ఈ రోగాన్ని గ్రాసరీ అంటారు. దీనికి కారణం ఒక వైరస్. ఆ వైరస్ కూడా డి.ఎన్.ఏ. వైరసే. సుమారు 1,28,000 మెట్లున్న డి.ఎన్.ఏ. దాని సొత్తు. రోగం బయటపడకముందే పురుగులో వైరస్ ఉందా లేదా అని తేల్చే పరీక్షల్లో ఒకటి, ఆ డి.ఎన్.ఏ. ముక్కను పెంచి, జెల్‌లో పెట్టి, విద్యుత్తుతో నడిపించి చూడటం.

ఇక్కడే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న పుడుతుంది. విద్యుత్ క్షేత్రంలో పెట్టిన డి.ఎన్.ఏ. ఊరికే నడుస్తుందా? లేక ఒక దిక్కుకు తిరిగి నిలబడుతుందా? తిరిగితే ఎంత? దాన్ని లెక్కలో పట్టుకోవడం ఎట్లా? పైకి చిన్న ప్రశ్నలాగే ఉన్నా, దీని వెనక భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఒకే చోట కూర్చుని ఉన్నాయి.

1. అణువు రూపం

డి.ఎన్.ఏ. రెండు పేటలు మెలివేసుకున్న తాడు. తాడు మందం 2 నానోమీటర్లు. నానోమీటరంటే మీటరులో నూరు కోట్ల వంతు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం 0.34 నానోమీటరు. పట్టుపురుగు జన్యురాశిలో ఒక్కొక్క ప్రతికి సుమారు 46 కోట్ల మెట్లు ఉన్నాయి. గుణించి చూడండి. ఆ దారాలన్నిటినీ ఒకటిగా చాచితే పదిహేను సెంటీమీటర్లు దాటుతుంది, అంటే ఆరంగుళాల పైచిలుకు. అదంతా కంటికి ఆనని కణంలో, 28 జతల క్రోమోసోములుగా సర్దుకుని ఉంటుంది.

ఈ తాడు మరీ మెత్తన కాదు, మరీ బిరుసూ కాదు. 50 నానోమీటర్ల వరకు, అంటే సుమారు 150 మెట్ల వరకు, కర్రలాగా నిటారుగా ఉంటుంది. అంతకు మించి పొడవైతే వంగుతుంది, ఇంకా పొడవైతే ఉండలా చుట్టుకుంటుంది. కాబట్టి మొదట 150 మెట్ల ముక్కను ఒక కర్రముక్క అనుకుని లెక్క మొదలుపెట్టవచ్చు.

ప్రతి మెట్టుకూ రెండు ఫాస్ఫేటులు, ఒక్కొక్కదానిమీద ఒక ఋణావేశం. అంటే కర్ర పొడవునా 0.17 నానోమీటరుకు ఒక ఋణావేశం. మన 150 మెట్ల ముక్కమీద 300 ఆవేశాలు. ఇంత ఒత్తుగా ఆవేశం ఉన్న అణువులు ప్రకృతిలో తక్కువ.

2. తిప్పేది ఎవరు?

ఋణావేశం ఉంది కాబట్టి డి.ఎన్.ఏ. ధన ధ్రువం వైపు నడుస్తుంది. ఇది అందరికీ తెలిసినదే. కాని నడవడం వేరు, తిరగడం వేరు. కాడికి కట్టిన రెండెద్దులూ సమంగా లాగితే బండి నేరుగా పోతుంది. ఒకటి ముందుకూ, ఒకటి వెనక్కూ లాగితేనే బండి తిరుగుతుంది. కర్రమీద ఆవేశం అంతటా సమంగా ఉంటే క్షేత్రం అన్నిచోట్లా ఒకే వైపు, ఒకే బలంతో లాగుతుంది. కర్ర తిరగదు.

తిరగాలంటే ఒక చివర ధనం, ఇంకో చివర ఋణం కావాలి. దీన్నే ద్విధ్రువం అంటారు. డి.ఎన్.ఏ.లో రెండు పేటలూ ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి కనుక ఒక పేట ద్విధ్రువాన్ని ఇంకో పేట కొట్టివేస్తుంది. పుట్టుకతో వచ్చిన ద్విధ్రువం మిగలదు. మరి ఎక్కడినుంచి వస్తుంది?

సమాధానం నీటిలో ఉంది, నీటిలో కరిగిన ఉప్పులో ఉంది. సోడియం వంటి ధన అయాన్లు డి.ఎన్.ఏ. ఋణావేశానికి ఆకర్షితమై దాని చుట్టూ ముసురుకుంటాయి. 1969లో అమెరికా శాస్త్రజ్ఞుడు గెరాల్డ్ మానింగ్ దీనికి చక్కని లెక్క చెప్పాడు. 25 డిగ్రీల నీటిలో రెండు ఏకావేశాల మధ్య విద్యుత్ శక్తి, వేడిశక్తితో సమానమయ్యే దూరం 0.71 నానోమీటరు. కర్రమీది ఆవేశాలు అంతకన్నా దగ్గరగా ఉంటే, వాటి మధ్య సగటు ఎడం ఆ దూరానికి పెరిగేదాకా ధన అయాన్లు వచ్చి అతుక్కుంటాయి. డి.ఎన్.ఏ.లో ఎడం 0.17 మాత్రమే. 0.71ని 0.17తో భాగిస్తే 4.2. ఆ లెక్కన నూటికి 76 వంతుల ఆవేశాన్ని ధన అయాన్లు కప్పేస్తాయి. మన ముక్కమీద 300కు 228 అయాన్లు.

ఈ అయాన్లు ఫాస్ఫేటుకు మేకు కొట్టినట్టు ఉండవు. కర్ర పొడవునా అటూ ఇటూ జారుతూ ఉంటాయి. క్షేత్రం పెట్టగానే అవి ఋణ ధ్రువం వైపు కొంచెం జరుగుతాయి. అప్పుడు కర్రకు ఒక చివర ధనం ఎక్కువ, ఇంకో చివర ఋణం ఎక్కువ. ఇదిగో, కావలసిన ద్విధ్రువం వచ్చింది. అంటే డి.ఎన్.ఏ.ను తిప్పేది డి.ఎన్.ఏ. కాదు, దాన్ని ముసిరిన ఉప్పు.

3. అడ్డుపడేది ఎవరు?

కదిరి తేరునాడు జనం మధ్యలో పొడవాటి వెదురుగడను పట్టుకుని ఒకే దిక్కుకు చూపమంటే ఎవరివల్లనైనా అవుతుందా? ఈ భుజం తగిలి అటు, ఆ భుజం తగిలి ఇటు తిరుగుతూనే ఉంటుంది. ద్రావణంలో డి.ఎన్.ఏ. పరిస్థితి అదే. నీటి అణువులు ఎడతెగకుండా దాన్ని తాకుతూ ఉంటాయి. ఆ తాకిడి కొలతే వేడిశక్తి. మామూలు ఉష్ణోగ్రతలో అది అతి స్వల్పమే, జౌలులో కోటి కోట్ల కోటవ వంతులు సుమారు నాలుగు. కాని అణువుకు అదే పెద్ద తుఫాను.

కాబట్టి దిశ అనేది పోటీ. ఒకవైపు క్షేత్రం కర్రను తనవైపు తిప్పాలని చూస్తుంది. ఇంకోవైపు వేడి దాన్ని అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. ఈ పోటీని అంకెల్లోకి దించడమే నమూనా నిర్మాణం.

4. లెక్క

మొదటి సంఖ్యను పోటీ సంఖ్య అందాం. కర్ర క్షేత్రానికి సమాంతరంగా తిరిగినప్పుడు కలిసివచ్చే శక్తిని వేడిశక్తితో భాగిస్తే అది వస్తుంది. కలిసివచ్చే శక్తి క్షేత్రపు వర్గంతో పెరుగుతుంది, ఎందుకంటే ద్విధ్రువాన్ని పుట్టించేదీ క్షేత్రమే, దాన్ని పట్టి తిప్పేదీ క్షేత్రమే. వోల్టేజి రెండింతలు చేస్తే పోటీ సంఖ్య నాలుగింతలవుతుంది.

రెండో సంఖ్యను వరుస సంఖ్య అందాం. కర్రకూ క్షేత్రానికీ మధ్య ఉన్న కోణపు కొసైన్‌ను వర్గం చేసి, అన్ని అణువులకూ సగటు తీయాలి. దాన్ని మూడుతో గుణించి, ఒకటి తీసివేసి, సగం చేయాలి. కర్రలు చెల్లాచెదరుగా ఉంటే తూర్పు పడమర, ఉత్తర దక్షిణ, పైన కింద అనే మూడు దిక్కులకూ సమాన వాటా కాబట్టి ఆ సగటు మూడో వంతు, వరుస సంఖ్య సున్న. అన్నీ క్షేత్రం వెంట నిలబడితే వరుస సంఖ్య ఒకటి.

రెండింటినీ కలిపేది బోల్ట్స్‌మన్ సూత్రం. ఒక దిశకు ఎంత శక్తి కలిసివస్తుందో, ఆ దిశలో అన్ని ఎక్కువ అణువులు ఉంటాయి. ఇంటర్మీడియెట్ గణితం వచ్చినవాళ్ళు ఎవరైనా దీన్ని చేసి చూడవచ్చు. సున్న నుంచి ఒకటి వరకు నూరు భాగాలు చేసి, ఒక్కొక్కదాన్ని కొసైన్ విలువగా తీసుకోవాలి. దాని వర్గాన్ని పోటీ సంఖ్యతో గుణించి, ఘాతీయ ప్రమేయంలో వేస్తే దాని బరువు వస్తుంది. ఆ బరువులతో సగటు తీస్తే సరి. కంప్యూటరులో పది వరుసల ప్రోగ్రాము చాలు. వచ్చే ఫలితాలు ఇవి:

పోటీ సంఖ్య 0.1 అయితే, వరుస సంఖ్య 0.013.
పోటీ సంఖ్య 1 అయితే, వరుస సంఖ్య 0.14.
పోటీ సంఖ్య 5 అయితే, వరుస సంఖ్య 0.65.
పోటీ సంఖ్య 10 అయితే, వరుస సంఖ్య 0.84.

ఈ నాలుగు వరుసల్లో గమనించదగ్గది ఒకటుంది. క్షేత్రశక్తి వేడిశక్తితో సమానమైనా వరుస ఏడో వంతు మాత్రమే. పదింతలైనా పూర్తి కాదు. గుంపును ఒక వరుసలో నిలపడం అంత తేలిక కాదన్నమాట.

ఇక క్షేత్రం ఎన్ని వోల్టులుండాలి? దీనికి 1961లో మాండెల్ ఒక సులువైన నమూనా ఇచ్చాడు. అయాన్లు కర్ర పొడవునా స్వేచ్ఛగా జారుతాయి, చివరలనుంచి బయటికి పోవు, ఒకదాన్నొకటి పట్టించుకోవు అనుకున్నాడు. అప్పుడు కర్ర ధ్రువణీయత ఎంతంటే, అయాన్ల సంఖ్యను అయాను ఆవేశపు వర్గంతోనూ, కర్ర పొడవు వర్గంతోనూ గుణించి, వేడిశక్తికి పన్నెండింతలతో భాగించాలి. ఆ పన్నెండు ఎక్కడిదంటే, ఒక గీతమీద ఎక్కడైనా సమంగా ఉండగల వస్తువు స్థానపు విస్తృతి ఆ గీత పొడవు వర్గంలో పన్నెండో వంతు. గణాంకశాస్త్రం చదివినవాళ్ళకు ఇది పాత స్నేహితుడే.

228 అయాన్లు, 51 నానోమీటర్ల పొడవు వేసి చూస్తే, పోటీ సంఖ్య ఒకటి కావడానికి సెంటీమీటరుకు సుమారు 1,600 వోల్టులు కావాలి. ఇంట్లో కరెంటు 230 వోల్టులని గుర్తుచేసుకుంటే ఇది ఎంత పెద్ద క్షేత్రమో తెలుస్తుంది. ఇంతటి క్షేత్రాన్ని ఉప్పునీటిలో నిలకడగా పెడితే నీరు కాగిపోతుంది. అందుకే ప్రయోగాల్లో ఉప్పు చాలా తగ్గించి, సెకనులో అతి చిన్న భాగంపాటు మాత్రమే వోల్టేజి ఇచ్చి తీసేస్తారు.

5. తిరిగిందని తెలిసేది ఎట్లా?

కంటికి కనబడని కర్ర తిరిగిందని చెప్పేది కాంతి. 1875లో స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు జాన్ కెర్, విద్యుత్ క్షేత్రంలో పెట్టిన పదార్థం గుండా పోయే కాంతి దిశనుబట్టి వేర్వేరు వేగాలతో పోతుందని కనుగొన్నాడు. ద్రవాల్లో ఇది అణువుల తిరుగుడువల్ల ఎట్లా వస్తుందో 1927లో సి.వి. రామన్, కె.యస్. కృష్ణన్ సిద్ధాంతం రాశారు. రామన్ శిష్యుడు, మన తెలుగువాడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణువులపై కాంతి పరిక్షేపణ గురించి పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. అణువుకు దిక్కునుబట్టి గుణం మారుతుందనే ఈ ఆలోచన మన దేశపు ప్రయోగశాలలకు కొత్త కాదని చెప్పడానికే ఈ పేర్లు.

పెద్ద అణువులకు ఈ పద్ధతిని 1950లో ఓకాన్‌స్కీ, జిమ్ అనే ఇద్దరు పొగాకు మొజాయిక్ వైరస్‌మీద ప్రయోగించి చూపించారు. డి.ఎన్.ఏ. విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. దాని మెట్లు 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. మెట్లు కర్రకు అడ్డంగా ఉంటాయి కనుక, అడ్డంగా కంపించే కాంతిని ఎక్కువ, పొడవునా కంపించే కాంతిని తక్కువ పీలుస్తాయి. క్షేత్రం పెట్టాక ఆ తేడా ఎంత పెరిగిందో కొలిస్తే వరుస సంఖ్య దొరుకుతుంది.

క్షేత్రం తీసేసిన తర్వాత ఏమవుతుందో చూడటం ఇంకా ముచ్చటైనది. నీటి తాకిడికి కర్రలు మళ్ళీ చెదిరిపోతాయి. 150 మెట్ల ముక్కకు అందుకు పట్టే కాలం లెక్కప్రకారం సెకనులో పది లక్షల వంతులు రెండు. ఈ కాలం పొడవుకు దాదాపు ఘనంగా పెరుగుతుంది. పొడవు రెండింతలైతే కాలం సుమారు ఏడింతలు. కాబట్టి చెదిరే వేగాన్ని కొలిచి అణువు పొడవును, అది ఎంత వంగిందన్న సంగతినీ తెలుసుకోవచ్చు.

6. నమూనాకూ ప్రయోగానికీ తేడా

మాండెల్ నమూనా ప్రకారం సెంటీమీటరుకు 5,000 వోల్టులు దాటితే వరుస సంఖ్య 0.84కు రావాలి. 1978లో హోగన్, దత్తగుప్త, క్రోథర్స్ పొట్టి డి.ఎన్.ఏ. ముక్కలమీద ప్రయోగాలు చేశారు. 1981లో నాన్సీ స్టెల్‌వాగన్ కచ్చితమైన పొడవులున్న ముక్కలను తీసుకుని కొలతలు తీసింది. ఇట్లాంటి ప్రయోగాల్లో పది వేల వోల్టులు దాటినా పూర్తి వరుస రాలేదు. అనంతమైన క్షేత్రంలో ఎంత ఉంటుందో గ్రాఫును పొడిగించి అంచనా వేయవలసి వచ్చింది. ధ్రువణీయత కూడా నమూనా చెప్పినట్టు పొడవు ఘనంతో పెరగలేదు, అంతకన్నా నెమ్మదిగా పెరిగింది.

నమూనా ఎందుకు ఎక్కువ చెప్పింది? అయాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోవని అనుకున్నాం గదా. నిజానికి అన్నీ ధనావేశాలే. ఒక చివరకు చేరేకొద్దీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అదీగాక చివరకు చేరినవి ద్రావణంలోకి జారిపోతాయి, ద్రావణంలోనివి వచ్చి చేరుతాయి. క్షేత్రం బాగా పెరిగేసరికి ద్విధ్రువం ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది. ద్రావణంలో ఉప్పు పెంచితే తిరుగుడు తగ్గిపోవడానికి కారణం కూడా ఈ అయాన్ల మబ్బులోనే ఉంది.

అట్లాగని మాండెల్ నమూనాను పారవేయనక్కరలేదు. అది సరిపోని చోటే అయాన్లు ఒకదానితో ఒకటి ఏం చేస్తున్నాయో మనకు తెలిసింది. సరిపోని లెక్క చేతిలో లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

7. జెల్‌లో జరిగేది

ఇప్పుడు పురుగుల పరీక్ష దగ్గరికి వద్దాం. జెల్‌లో సెంటీమీటరుకు పది వోల్టుల లోపే ఇస్తారు. మన లెక్కలో పది వోల్టులు వేస్తే పొట్టి ముక్క వరుస సంఖ్య పది లక్షల్లో ఐదు వంతులు. అంటే పొట్టి ముక్క తిరగదనే చెప్పుకోవచ్చు. అది జెల్ సందుల్లోంచి దొర్లుకుంటూ నడుస్తుంది. పొట్టిది ముందు, పొడవుది వెనక. అందుకే గీతలు విడివిడిగా కనబడతాయి.

పొడవైన డి.ఎన్.ఏ. సంగతి వేరు. ఇరవై, ముప్పై వేల మెట్లు దాటినది జెల్ సందుల్లో పాములాగా దూరుతుంది. తల ఎటు పోతే ఒళ్ళంతా అటే. అంత చిన్న క్షేత్రంలో కూడా ఒళ్ళంతటి లాగుడూ కలిసి అణువు క్షేత్రం వెంట సాగి నిలబడుతుంది. అట్లా సాగాక, యాభై వేల మెట్లదైనా, లక్ష మెట్లదైనా ఒకే వేగంతో పోతుంది. గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. 1980ల్లో జిమ్, లంప్‌కిన్, స్లేటర్, నూలాండీ మొదలైనవాళ్ళు ఈ సంగతికి నమూనాలు కట్టారు.

చిక్కు తెలిస్తే ఉపాయం దొరుకుతుంది. 1984లో డేవిడ్ ష్వార్ట్జ్, చార్లెస్ కాంటర్ క్షేత్రపు దిక్కును కొంతసేపు ఇటు, కొంతసేపు అటు మార్చి చూశారు. పొడవైన అణువుకు కొత్త దిక్కుకు తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది కనుక అది వెనకబడుతుంది. అట్లా ఈస్టు క్రోమోసోములనే మొత్తంగా విడదీశారు. 1989 నాటికి మెరిసే రంగు పట్టించిన డి.ఎన్.ఏ. జెల్‌లో కొక్కెంలా తగులుకుని, సాగి, జారిపోవడాన్ని సూక్ష్మదర్శినిలో కంటితో చూశారు. లెక్కలో ఊహించిన సాగుడు కంటిముందు కనబడింది.

గ్రాసరీ వైరస్ డి.ఎన్.ఏ. మొత్తం 1,28,000 మెట్లు. మామూలు జెల్‌లో అది ఏమీ తేల్చి చెప్పదు. అందుకే అందులోంచి కొన్ని వందల మెట్ల ముక్కను ఎంచుకుని పి.సి.ఆర్. పద్ధతిలో పెంచుతారు. ఆ పద్ధతిలో తేలిగ్గా పెరిగేవీ పొట్టి ముక్కలే, జెల్‌లో శుభ్రంగా విడిపోయేవీ పొట్టి ముక్కలే.

8. మనకేమిటి?

హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. హైదరాబాదులో డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రం సి.డి.ఎఫ్.డి. ఉంది. సి.డి.ఎఫ్.డి.లో జె. నాగరాజు బృందం 1999లో పట్టుపురుగు జాతులను వాటి డి.ఎన్.ఏ.లోని చిన్నచిన్న పునరావృత వరుసల ద్వారా గుర్తుపట్టే పని ప్రచురించింది. ఆయన 2012లో కన్నుమూశారు. కిరికెర శాస్త్రజ్ఞులు కూడా పాలుపంచుకున్న ఒక పరిశోధన 2013లో వెలువడింది. గ్రాసరీ వైరస్‌లోని నాలుగు జన్యువులను ఒకేసారి అణచివేసే శక్తి ఉన్న పట్టుపురుగులను అందులో తయారుచేసి చూపించారు. ఈ పనుల్లో ఎక్కడ చూసినా డి.ఎన్.ఏ. జెల్, విద్యుత్ క్షేత్రం తప్పవు.

మిత్రులారా! మనం ప్రాక్టికల్ రికార్డులో "జెల్ పోసితిమి, వంద వోల్టులు ఇచ్చితిమి, గీతలు కనబడెను" అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఎందుకు వంద, ఎందుకు వెయ్యి కాదు, ఉప్పు ఎక్కువైతే ఏమవుతుంది, పొడవైనది ఎందుకు విడిపోదు అని అడగం. అడగని చోట యంత్రం ఏది చెబితే అదే నిజం. రేపు ఒక రైతు పురుగులకు రోగం ఉందో లేదో చెప్పవలసిన కుర్చీలో మనలో కొందరం కూర్చుంటాం. గీత మసకగా వస్తే అది రోగం గుర్తా, క్షేత్రం ఎక్కువై జెల్ వేడెక్కిందా అని తేల్చవలసింది మనమే. తప్పు చెబితే ఒక కుటుంబానికి ఒక పంట పోతుంది.

ఈ విషయానికి ఖరీదైన యంత్రాలు వెంటనే అక్కరలేదు. పై నాలుగు వరుసల పట్టికను ఎవరికి వారు లెక్కగట్టి చూడవచ్చు. మెట్ల సంఖ్య మార్చి, వోల్టులు మార్చి, సోడియంకు బదులు రెండు ఆవేశాలున్న మెగ్నీషియం వేసి చూడవచ్చు. మానింగ్ లెక్కన అప్పుడు 76కు బదులు 88 వంతులు కప్పబడతాయి. అయితే అయాన్ల సంఖ్య తగ్గి, ఒక్కొక్కదాని ఆవేశం పెరుగుతుంది. అప్పుడు ధ్రువణీయత పెరుగుతుందా, తగ్గుతుందా? సమాధానం నేను రాయను. పెన్సిలు తీసుకుని మీరే వేసి చూడండి.